మోర్మన్ సంఘంలో నల్లజాతీయులపై నిషేధం: ఆ చరిత్రను ఎలా చదవాలి, ఎలా మాట్లాడాలి

హైదరాబాదులోనో వైజాగ్‌లోనో తెల్లచొక్కా, టై, గుండె మీద నల్ల నేమ్ ట్యాగ్ పెట్టుకున్న ఇద్దరు మోర్మన్ మిషనరీ కుర్రాళ్లు మిమ్మల్ని పలకరించి ఉండొచ్చు. ఉద్యోగానికి అమెరికాలో ఆ సంఘం కేంద్రమైన యూటా రాష్ట్రానికి వెళ్లాక పక్కింటివాళ్లు కేక్ పట్టుకొచ్చి మా చర్చికి రండి అని పిలిచి ఉండొచ్చు. లేదా మీరే ఆ సంఘంలో సభ్యులై ఉండి, మీ అబ్బాయి ఫోన్‌లో ఏదో చదివి వచ్చి "1978 దాకా మన చర్చి నల్లజాతీయుల్ని రానివ్వలేదట, నిజమేనా నాన్నా?" అని అడిగి ఉండొచ్చు. ఈ ప్రశ్నకి రెండు రెడీమేడ్ జవాబులు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. "అదంతా ఎప్పుడో పోయింది, వదిలేయండి" అన్నది ఒకటి, "వాళ్లు ఇప్పటికీ అంతే" అన్నది ఇంకొకటి. రెండూ సగం చదివి చెప్పే మాటలే. పూర్తిగా చదవాలంటే ఏది ముందు చూడాలి, ఏది దేనితో కలపకూడదు అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రశ్ననే సరిచేసుకోండి. "రానివ్వలేదు" అన్నది సరైన మాట కాదు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ ఈ సంఘాన్ని స్థాపించిన తొలి ఏళ్ల నుంచే నల్లజాతీయులు బాప్తిస్మం తీసుకుని అందులో ఉన్నారు. నిషేధం వచ్చాక వాళ్లకి ఇవ్వనివి రెండు: యాజకత్వం, దేవాలయ ప్రవేశం (దేవాలయమంటే ఆదివారం వెళ్లే చర్చి కాదు, ప్రత్యేక క్రతువుల కోసం వేరేగా కట్టే గుడి). మనకి తెలిసిన చర్చిల్లో పాస్టరు ఒక్కరే ఉంటారు కాబట్టి "పాస్టరు కాలేకపోయారు, అంతేగా" అనిపిస్తుంది. కానీ ఈ సంఘంలో జీతం తీసుకునే పాస్టర్లు ఉండరు, దాదాపు పన్నెండేళ్ల వయసు దగ్గర్నుంచి మగపిల్లలందరికీ యాజకత్వం ఇస్తారు, ఆదివారం రొట్టె, నీళ్లు పంచేది ఆ పిల్లలే. అంటే తోటి పిల్లలంతా లేచి పళ్లేలు పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటే నల్లజాతి పిల్లాడు బెంచీ మీద కూర్చుని చూడాలి. వాడు పెద్దవాడై తండ్రయ్యాక తన బిడ్డకి తాను బాప్తిస్మం ఇవ్వలేడు. ఇక ఆడవాళ్లకి ఈ సంఘంలో యాజకత్వం ఎటూ లేదు, కానీ చనిపోయాక కూడా కుటుంబం కలిసే ఉంటుందని వాళ్లు నమ్మే ఆ ముడి పడేది దేవాలయంలోనే, నల్లజాతి స్త్రీకి ఆ తలుపూ మూసే ఉండేది. నిషేధం అంటే ఇది. ఈ బరువు తెలియకుండా తారీఖులు బట్టీ పట్టి లాభం లేదు.

తర్వాత, నాలుగు విషయాల్ని విడివిడిగా పెట్టుకోండి: నిషేధం అనే ఆచారం, దానికి చెప్పిన కారణాలు, గ్రంథంలో ఉన్న వాక్యాలు, మనుషుల మనసుల్లో మిగిలింది. ఈ నాలుగూ ఒకే రోజున మారలేదు. ఒకటి 1978లో మారింది, ఒకదాన్ని కాదనడానికి 2013 దాకా పట్టింది, ఒకటి చాలావరకు అలాగే ఉంది, చివరిది ఇంకా మారుతూ ఉంది. వాదనల్లో గొడవంతా ఈ నాలుగింటినీ కలిపేయడం వల్లే వస్తుంది.

ఆచారం సంగతి చూసేటప్పుడు చాలామంది 1852 నుంచి మొదలుపెడతారు. మీరు 1836 నుంచి మొదలుపెట్టండి. ఆ ఏడాది ఎలైజా ఏబెల్ అనే నల్లజాతీయుడు ఎల్డర్ అనే హోదాలో యాజకత్వం పొందాడు, జోసెఫ్ స్మిత్ బతికుండగానే. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో బార్బర్‌గా పనిచేసే వాకర్ లూయిస్ కూడా ఎల్డరే. స్మిత్ తర్వాత నాయకుడైన బ్రిగమ్ యంగ్ 1847 మార్చిలో ఇదే లూయిస్‌ని ఉద్దేశించి, మా మంచి ఎల్డర్లలో ఒకాయన లోవెల్‌లో ఉన్న ఆఫ్రికన్ అని మెచ్చుకున్నాడు. అయిదేళ్లు తిరక్కుండా 1852లో, యూటా టెరిటరీ చట్టసభ ముందు నిలబడి, ఆఫ్రికన్ సంతతివాళ్లకి యాజకత్వం లేదని ప్రకటించింది కూడా ఆయనే. బానిసత్వాన్ని అనుమతించే చట్టం యూటాలో వచ్చింది కూడా ఆ సమావేశాల్లోనే. కాబట్టి ఎవరైనా "ఇది మొదటినుంచీ దేవుడు పెట్టిన నియమం" అంటే, ఏబెల్ సంగతి ఏమిటని అడగండి. ఆయన 1884లో చనిపోయేవరకు తన యాజకత్వాన్ని వదల్లేదు, ఆ చివరి ఏళ్లలో కూడా సంఘం ఆయన్ని మిషనరీగా పంపింది, కానీ దేవాలయ ఆశీర్వాదం కావాలని అడిగితే మాత్రం కాదంది.

కారణాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే అసలు విషం అక్కడుంది. మొదటి కారణం కయీను శాపం. ఇది మోర్మన్లు కనిపెట్టింది కాదు, బానిసత్వం ఉన్న రోజుల్లో అమెరికాలో చాలా చర్చిల్లో చలామణిలో ఉన్న మాటే. మీ ఇంట్లో తెలుగు బైబిలు ఉంటే ఆదికాండము 4వ అధ్యాయం తీసి చదవండి. దేవుడు కయీనుకి గురుతు వేసింది అతన్ని ఎవరూ చంపకుండా కాపాడటానికి. చర్మం రంగు ఊసే లేదు. 9వ అధ్యాయానికి వెళ్తే, హాము శాపం అని అందరూ అంటారే, అక్కడ నోవహు శపించింది హామును కాదు, అతని కొడుకు కనానును. అక్కడా రంగు లేదు. ఈ రెండు అధ్యాయాలు చదవడానికి పది నిమిషాలు చాలు, చర్చిలో పెరిగినవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు.

రెండో కారణం సంఘం లోపలే పుట్టింది. మనుషులు పుట్టకముందే ఆత్మలుగా ఉంటారని వాళ్లు నమ్ముతారు. అక్కడ సరిగ్గా నిలబడనివాళ్లు ఇక్కడ నల్లజాతిలో పుట్టారని పెద్దలు బోధించారు. మన పాఠకులకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పూర్వజన్మలో ఏదో చేసుకున్నాడు కాబట్టి ఈ కులంలో పుట్టాడు, అనుభవించనీ అన్న మాట విని పెరిగిన దేశం మనది. బాధపడేవాడి మీదే తప్పు వేస్తుంది, ఆ తప్పు ఏమిటో వాడికి గుర్తుండే అవకాశం కూడా ఇవ్వదు. అందుకే ఇలాంటి కారణం అంత కాలం బతుకుతుంది.

ఇక్కడ రెండు పత్రాలు పక్కపక్కన పెట్టి చదవమంటాను. ఒకటి 1949 ఆగస్టులో సంఘం అత్యున్నత నాయకులైన ప్రథమ అధ్యక్షత్వం ఇచ్చిన ప్రకటన. ఇది మేం పెట్టుకున్న విధానం కాదు, ప్రభువు నేరుగా ఇచ్చిన ఆజ్ఞ అని అందులో ఉంది. రెండోది, సంఘం గ్రంథాల్లో ఒకటైన "సిద్ధాంతము మరియు నిబంధనలు"లో 1978 నాటి ప్రకటనకి ముందు 2013లో చేర్చిన పరిచయ వాక్యాలు. ఈ ఆచారం ఎలా మొదలైందో సంఘ రికార్డుల్లో స్పష్టంగా తెలియడం లేదని అందులో ఉంది. నేరుగా వచ్చిన ఆజ్ఞ అయితే ఎవరికి, ఎప్పుడు వచ్చిందో రికార్డు ఎందుకు లేదు? ఈ ప్రశ్న వేయడానికి మీరు ఆ సంఘానికి శత్రువు కానక్కర్లేదు, ఆ సంఘంలోని చరిత్రకారులే ముందు వేశారు.

పత్రాలతో పాటు కనీసం ఒక్క మనిషి జీవితం చదవండి. నేనైతే జేన్ మానింగ్ జేమ్స్ పేరు చెప్తాను. కనెటికట్‌లో పుట్టిన స్వతంత్ర నల్లజాతి యువతి. 1843లో కుటుంబంతో కలిసి ఇల్లినాయ్‌లో అప్పట్లో సంఘం కేంద్రంగా ఉన్న నావూకు బయల్దేరితే, బఫెలో దగ్గర పడవ ఎక్కనివ్వలేదు, అక్కణ్ణుంచి దాదాపు 800 మైళ్లు నడిచారు. చెప్పులు అరిగిపోయి, పాదాలు పగిలి, నేల మీద నెత్తుటి అడుగులు కనిపించాయని ఆమె తన జీవితకథలో చెప్పింది. జోసెఫ్ స్మిత్ ఇంట్లో పనిచేసింది, 1847లో యూటా చేరింది, ఆ తర్వాత దేవాలయ ఆశీర్వాదాల కోసం ఏళ్ల తరబడి నాయకులకి ఉత్తరాలు పెట్టింది. నాకు ఏ దీవెనా లేదా అని ఒక ఉత్తరంలో అడిగింది. చివరికి 1894లో ఇచ్చిందేమిటంటే, నిత్యత్వంలో జోసెఫ్ స్మిత్ కుటుంబానికి సేవకురాలిగా ఆమెను జతచేస్తూ ఒక క్రతువు. ఆ క్రతువుకి కూడా ఆమెను లోపలికి రానివ్వలేదు, ఆమె తరఫున ఒక తెల్లజాతి స్త్రీ నిలబడింది. జేన్ మళ్లీ అడుగుతూనే ఉంది, 1908లో చనిపోయేదాకా సంఘాన్ని వదల్లేదు. "ఆ రోజుల్లో అందరూ అలాగే అనుకునేవాళ్లు" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే: ఆ "అందరూ"లో జేన్ లేదు. ఆమె అప్పుడే అడిగింది.

1978 ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు ఒకే కారణానికి కట్టేయకండి. 1969లో వ్యోమింగ్ విశ్వవిద్యాలయంలో 14 మంది నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాళ్లు, మోర్మన్ల బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంతో మ్యాచ్‌లో నిరసనగా చేతికి నల్లపట్టీ కట్టుకుంటామన్నందుకు కోచ్ అందర్నీ జట్టు నుంచి తీసేశాడు, దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. నైజీరియా, ఘనాల్లో పుస్తకాలు చదివి తమంతట తామే ఆ పేరుతో చర్చిలు పెట్టుకుని, మిషనరీల్ని పంపండని సంఘం ప్రధాన కార్యాలయం ఉన్న సాల్ట్ లేక్ సిటీకి ఉత్తరాలు రాస్తున్నవాళ్లున్నారు. బ్రెజిల్‌లో సావో పాలో దేవాలయం కడుతున్నారు, ఆ దేశంలో ఎవరి రక్తంలో ఆఫ్రికా ఉందో ఎవరు తేలుస్తారు? గుడికి చందాలిచ్చి, చెమటోడ్చినవాళ్లలో లోపలికి రాలేనివాళ్లూ ఉన్నారు. ఇవన్నీ అప్పటి సంఘాధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ బల్ల మీద ఉన్నాయి. దేవాలయంలో ఎన్నో రోజులు ఒంటరిగా ప్రార్థించాక దేవుడు తెలియజేశాడని ఆయన చెప్పారు, 1978 జూన్ 9న నిషేధం ఎత్తేసిన లేఖ బయటికొచ్చింది. సభ్యులకి అది బయల్పాటు, చరిత్రకారుడికి ఒత్తిళ్ల ఫలితం. సభ్యుడితో మాట్లాడేటప్పుడు ఈ రెండోదాన్ని మొహాన కొట్టక్కర్లేదు, ప్రశ్న పుట్టకుండా ప్రార్థన ఉండదని వాళ్లకీ తెలుసు.

ఆ ఏడాదికి మనతోనూ ఒక సంబంధం ఉంది. 1978 డిసెంబరులో, సమోవాలో ఉంటూ ఈ సంఘంలో చేరిన తెలుగు దంపతులు హైదరాబాదు వచ్చి తమ బంధువులకి బోధించారు, నగరంలో సంఘం వేళ్లూనుకోవడానికి అదే నాంది. నిషేధం భారతీయుల మీద లేదు, ఆఫ్రికన్ సంతతివాళ్ల మీదే. అందుకని "మనకేం సంబంధం" అనుకునే తెలుగు సభ్యులున్నారు. మన మీద లేదు కాబట్టి ఫర్వాలేదు అన్న ఆలోచనే ఏ వివక్షనైనా వందేళ్లు నడిపిస్తుంది, ఈ మాట నేను గట్టిగానే చెప్తున్నాను.

గ్రంథం దగ్గరికొస్తే రెండు వాక్యాలు తప్పక చదవాలి. మోర్మన్ గ్రంథంలో 2 నీఫై 5:21, ఆ గ్రంథంలోని ఒక జనమైన లేమనీయులకి శాపంతో పాటు నల్లని చర్మం వచ్చిందంటుంది. అదే పుస్తకంలో 26:33, నల్లవారు తెల్లవారు, దాసులు స్వతంత్రులు, స్త్రీ పురుషులు అందరూ దేవునికి సమానమే అంటుంది. 30:6లో ఆ జనం "తెల్లగా" అవుతారని ఉన్న మాటని 1981 ముద్రణలో "పవిత్రంగా" అని మార్చారు, 5:21 మాత్రం అలాగే ఉంది. లేమనీయులంటే అమెరికా ఆదివాసులని చాలాకాలం బోధించారు కాబట్టి ఆ వాక్యం కాగితం మీదే ఆగలేదు. 1947 నుంచి దశాబ్దాలపాటు వేలాది ఆదివాసీ పిల్లల్ని, ఎక్కువగా నవాహో పిల్లల్ని, చదువు కోసమని తెల్లజాతి మోర్మన్ కుటుంబాల్లో పెట్టారు. అలాంటి పిల్లల చర్మం తెల్లబడుతోందని 1960లో ఒక నాయకుడు మహాసభలోనే సంతోషంగా చెప్పారు. ఆ నాయకుడు ఎవరో కాదు, 1978లో నిషేధం ఎత్తేసిన స్పెన్సర్ కింబలే. మంచివాడు, చెడ్డవాడు అని పెట్టెల్లో వేసుకుని చదివితే ఈ చరిత్ర అర్థం కాదు.

1978 తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. నిషేధాన్ని గట్టిగా సమర్థించిన సంఘ నాయకుడు బ్రూస్ మెకాంకీ ఆ ఆగస్టులోనే, దీనికి విరుద్ధంగా నేను గానీ బ్రిగమ్ యంగ్ గానీ ఇంకెవరు గానీ చెప్పినవన్నీ మర్చిపోండి, పరిమితమైన అవగాహనతో మాట్లాడాం అన్నారు. కానీ పాత కారణాలు తప్పని సంఘం పేరు మీద స్పష్టంగా రాసింది 2013 డిసెంబరులో, జాతి, యాజకత్వం గురించి తన వెబ్‌సైట్‌లో పెట్టిన వ్యాసంలో. నల్ల చర్మం శాపమన్నదీ, పుట్టకముందు చేసిన తప్పన్నదీ, జాత్యంతర వివాహం పాపమన్నదీ అన్నీ అందులో కాదన్నారు. మధ్యలో ముప్పై అయిదేళ్లు ఆ కారణాలు ఆదివారం క్లాసుల్లో తిరుగుతూనే ఉన్నాయి. నిషేధానికి సంఘం అధికారికంగా క్షమాపణ మాత్రం చెప్పలేదు. చెప్పాలనే నా అభిప్రాయం.

మాట్లాడే పద్ధతి ఎవరితో అన్నదాన్ని బట్టి ఉంటుంది. మిషనరీ కుర్రాళ్లకి పద్దెనిమిది, ఇరవై ఏళ్లుంటాయి, వాళ్లని ఇరికించడానికి అడగకండి. 2013 వ్యాసం చదివారా, కలిసి చదువుదామా అనండి. యాభై దాటిన సభ్యులైతే "మీ చిన్నప్పుడు దీనికి ఏం కారణం చెప్పేవారు?" అని అడిగి వినండి. 1978 జూన్‌లో ఆ వార్త విని ఏడ్చామని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అదీ ఈ చరిత్రలో భాగమే. నల్లజాతి సభ్యుల్ని మాత్రం "మరి మీరెందుకు ఇంకా ఇందులో ఉన్నారు" అని అడక్కండి. వాళ్లు ఆ ప్రశ్నకి జీవితమంతా జవాబు చెప్తూనే ఉన్నారు.

పిల్లలడిగితే దాచకండి. జరిగింది, తప్పు, చెప్పిన కారణాలు కూడా తప్పు అని మూడు ముక్కలుగా చెప్పండి, తర్వాత జేన్ కథ చెప్పండి. క్లాసులో టీచరు పాత కారణం చెప్పారని పిల్లలు ఇంటికొచ్చి చెప్తే టెన్షన్ పడి గొడవకి దిగకుండా, 2013 వ్యాసంలో ఆ పేరా ప్రింటు తీసి టీచరుకీ బిషప్‌కీ (ఈ సంఘంలో స్థానిక చర్చి పెద్ద) చూపించండి. 2020లో సంఘం అచ్చువేసిన పాఠ్యపుస్తకంలోనే నల్ల చర్మం శాపానికి గుర్తన్న పాత వ్యాఖ్య పొరపాటున వచ్చేసింది, నాయకులు విచారం వ్యక్తం చేసి డిజిటల్ ప్రతిలో సరిదిద్దారు. ఆ ఏడాది పుస్తకం మీ ఇంట్లో ఇంకా ఉంటే, ఆ పాఠానికి ఆన్‌లైన్ ప్రతినే వాడండి.