తక్కువ జీఆర్ఈతో ఎంఎస్ - 4వ పాఠం: పంపని స్కోరుకు సంజాయిషీ ఎందుకు?

ఇయ్యాల రికమండేషన్ లెటర్ల గురించి చెప్పాల్సింది. వచ్చే పాఠానికి జరుపుతున్న. పోయినసారి "జీఆర్ఈ (విదేశీ పీజీ సీట్లకు రాసే పరీక్ష) స్కోరు తక్కువైతే ఎస్‌ఓపీల (దరఖాస్తుతోటి మన గురించి మనం రాసే వ్యాసం) దాని గురించి ఒక్క వాక్యం చాలు" అన్న. మీ డ్రాఫ్టులు చూసినంక ముందుకు పోబుద్ధి కాలే. ఒక్క వాక్యం ఒక పేజీ అయింది. నాన్న అప్పులు, పరీక్ష ముందురోజు జరం, సెంటర్ల ఏసీ చలి, అన్నీ ఉన్నయి. మీరు చేసిన పని ఒక్కటే లేదు.

నాకు కోపమొచ్చింది ఇంకోదానికి. స్కోరు ఆప్షనల్ అన్న డిపార్ట్‌మెంటుకు కొందరు పంపలే, దరఖాస్తుల ఆ గడి ఖాళీగ వదిలిండ్రు. మంచి పనే. మళ్ల ఎస్‌ఓపీ రెండో పేరాల "నా జీఆర్ఈ స్కోరు నా శక్తికి కొలమానం కాదు" అని రాసుకున్నరు! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే. అడ్మిషన్ కమిటీ ముందట లేని స్కోరును మీరే తెచ్చి పెట్టిండ్రు. పంపకపోతే జీఆర్ఈ అన్న మాటే ఎస్‌ఓపీల కనబడొద్దు. రికమండేషన్ రాసే సారుకు గూడ ఈ సంగతి చెప్పుండ్రి, లేకుంటే ఆయన "స్కోరు తక్కువైనా తెలివైన పిల్ల" అని రాస్తడు. స్కోరు అసలే అడగని ఎంఐటీ ఈఈసీఎస్ (ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్) లాంటి డిపార్ట్‌మెంట్లకు గూడ సంజాయిషీ రాసినోళ్లున్నరు. వాళ్లకు ఏం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు.

ఇంకో గుంత, ఉచితం. పరీక్ష రోజు నాలుగు కాడికి స్కోరు రిపోర్టు పంపుకుంటే పైసలు పడవు. ఊకెనే గదా అని పంపితే మళ్ల వెనక్కి రాదు. తర్వాత పంపితే ఒక్కోదానికి పైసలు కట్టాలె, కానీ ఏ తేదీ స్కోరు పోవాల్నో మీ చేతిల ఉంటది. స్కోరు 5 ఏండ్లు చెల్లుతది. 21 రోజులు గడిస్తే మళ్ల రాయచ్చు, 12 నెలల్ల 5 సార్ల దాంక. నన్నడిగితే రెండోసారితో ఆపుండ్రి, ఆ పైసలు దరఖాస్తు ఫీజులకు పనికొస్తయి.

స్కోరు తప్పనిసరి అన్నకాడ క్వాంట్ల (జీఆర్ఈ లెక్కల భాగం) తక్కువొచ్చిన 148 కనబడుతది. కమిటీకి వచ్చే అనుమానం ఒక్కటే, మొదటి సెమిస్టర్ లెక్కలు ఈ మనిషితోటి అయితయా? జవాబు దానికే రాయాలె.

నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు బోరునీళ్ల ప్రాజెక్టు చేసిన చెల్లె "ఫ్లోరైడ్ బాధితులను చూసి చలించిపోయాను" అని మొదలుపెట్టింది. కొట్టేసిన. అడిగితే అసలు కథ బయటపడ్డది. ఎలక్ట్రోడ్‌తోటి కొలిస్తే ఒకే నీళ్లకు రీడింగు ఒక్కోతీరు వచ్చిందట. నీళ్లల్ల ఇనుము, అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటయి, పీహెచ్ గూడ తేడా చేస్తది. ఈ రెండు తేడాలను సరిచేసే టీఐఎస్ఏబీ బఫర్ ద్రావణం కలిపినంక కుదిరినయి. తర్వాత బోరు లోతుకూ ఫ్లోరైడ్‌కూ సంబంధం చూపే రిగ్రెషన్ గీత గీసింది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటినవి వేరు చేసింది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కొలిచింది. ఇదంతా "చలించిపోయాను" కింద దాగి ఉండె! ఇప్పుడు ఆమె ఎస్‌ఓపీ బఫర్‌తోటి మొదలైతది. 148 గురించి "నా క్వాంట్ మార్కుకన్నా ఈ కొలతలే నా లెక్కలకు సాక్ష్యం" అని ఒక్క ముక్క, అదీ చివర్ల.

పాలమూరు తమ్ముడికి ప్రాజెక్టు లేదు. తమ్ముడూ, ఎన్‌పీటీఈఎల్‌ల (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) ప్రాబబిలిటీ కోర్సుల చేరి, సెంటర్ల కూసోని పరీక్ష రాయి. వీడియోలు చూసుడు లెక్కకు రాదు.

అభ్యాసం: అన్ని సెమిస్టర్ల మెమోలు ముందటేసుకోండ్రి. లెక్కలు తగిలిన ప్రతి సబ్జెక్టుకు ఒక వాక్యం రాయాలె, దాంతోటి మీరు ఏం కొలిచిండ్రు, ఏం కట్టిండ్రు, ఏ తప్పు పట్టుకున్నరు. మార్కులు రాయొద్దు, విశేషణాలు రాయొద్దు. దాంతోపాటు, దరఖాస్తు పెట్టే ప్రతి డిపార్ట్‌మెంట్ సొంత పేజీ (యూనివర్సిటీ పేజీ కాదు) తెరిచి, జీఆర్ఈ మాట ఉన్నకాడ తేదీతోటి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండ్రి. ఆదివారం లోపల వాక్యాలు మాత్రమే పంపుండ్రి. ఎస్‌ఓపీ పంపితే తెరవను.