కిట్ కారు రోడ్డెక్కే దాకా – 5వ పాఠం: అంచుల లెక్క మళ్లీ, ఆ తర్వాత లైట్లు

కిట్ కారంటే విడిభాగాలుగా కొని మనమే బిగించుకునే కారు. ఈ పాఠం లైట్లతో మొదలుకావాలి. కానీ నాలుగో పాఠం చదివి అంచులు సరిచేసుకున్నవాళ్లు పంపిన ఫొటోలు చూశాక లైట్ల సంగతి కాస్త తర్వాతకు జరపక తప్పలేదు. దాదాపు అందరూ ఒకేచోట తడబడ్డారు. బయటి అంచులు కనీసం 2.5 మి.మీ. రేడియస్‌తో గుండ్రంగా ఉండాలన్నదాన్ని ‘చేతికి గుచ్చుకోకపోతే చాలు’ అని అర్థం చేసుకున్నారు. ఐవీఏలో, అంటే బ్రిటన్‌లో ఇలాంటి కారు రోడ్డెక్కే ముందు పాసవ్వాల్సిన పరీక్షలో, వేళ్లకు ఏమనిపించిందన్నది లెక్కలోకి రాదు. 100 మి.మీ. వ్యాసం ఉన్న బంతిని కారు బయటి ఉపరితలం మీద దొర్లిస్తే అది ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడ నియమం వర్తిస్తుంది. బంతి దూరలేని సందులో కత్తి అంచున్నా డీవీఎస్ఏ (ఈ పరీక్ష చేసే ప్రభుత్వ సంస్థ) ఎగ్జామినర్ పట్టించుకోరు. బంతి తగిలేచోట నున్నగా కనిపించే అంచు కూడా ఫెయిల్ కావచ్చు.

ముందు రేకు మందం సంగతి. 3 మి.మీ. ప్లేటుతో చేసిన బ్రాకెట్ అంచును ఆకురాయితో ఎంత ఓపిగ్గా గుండ్రం చేసినా 1.5 మి.మీ. రేడియస్ మించి రాదు. రెండు వైపులా 2.5 రావాలంటే అంచు మందం కనీసం 5 మి.మీ. ఉండాలి. కాబట్టి హెడ్‌లైట్ బ్రాకెట్, మడ్‌గార్డ్ స్టే (ఊతకడ్డీ) లాంటివాటిని గంటల తరబడి రుద్దడం వృథా. వాటికి మూడు దారులే ఉన్నాయి. అంచును బంతికి అందకుండా లోపలికి మడవడం, అంచు పొడవునా 5 మి.మీ. లేదా అంతకన్నా లావు గుండ్రటి కడ్డీ వెల్డ్ చేయడం, ట్రిమ్, అంటే అంచుకు తొడిగే రబ్బరు పట్టీ, వేయడం. నా ఓటు కడ్డీకే. ఒకసారి వెల్డ్ చేసి పెయింట్ వేస్తే దాని గురించి మళ్లీ ఆలోచించక్కర్లేదు.

తర్వాత బోల్టులు. ఉపరితలం నుంచి 5 మి.మీ. కన్నా తక్కువ పొడుచుకొచ్చిన భాగానికి 2.5 రేడియస్ అడగరు, అంచు మొద్దుబారి ఉంటే చాలు. 1.5 మి.మీ. లోపు ఉంటే అదీ అడగరు. ఇప్పుడు మీ బోల్టు చూడండి. ఎం6 (6 మి.మీ. మర) షట్కోణ తల ఎత్తు 4 మి.మీ., అంటే గట్టెక్కినట్టే. దాని కింద మామూలు 1.6 మి.మీ. వాషర్ పెట్టారనుకోండి, 5.6 అవుతుంది, గీత దాటిపోయింది. ఎం8 తల వాషర్ లేకుండానే 5.3. అదే బటన్ హెడ్ (గుండ్రటి తల) అయితే ఎం6కి 3.3, ఎం8కి 4.4. బాడీ ప్యానెళ్లకు, మడ్‌గార్డులకు బటన్ హెడ్ హాయిగా వాడుకోవచ్చు. కానీ సస్పెన్షన్ బోల్టులను మాత్రం బటన్ హెడ్‌కు మార్చవద్దు. ఆ తల పలచన, అలెన్ గాడి లోతు తక్కువ, బిగింపు బలం తగ్గుతుంది. విష్‌బోన్ (సస్పెన్షన్ చేతుల) బోల్టులకూ, నైలాక్ (లోపల నైలాన్ రింగుండే) నట్లకూ గుండ్రటి ప్లాస్టిక్ టోపీలు తొడగండి. టోపీ అంచు రేడియస్ కూడా కొలవాలి.

గ్రిల్‌కు వేరే లెక్క ఉంది. పక్కపక్క పుల్లల మధ్య ఖాళీ 25 మి.మీ. లోపైతే 0.5 మి.మీ. రేడియస్ చాలు, 25 నుంచి 40 వరకైతే 1 మి.మీ. అంతకు మించితే మళ్లీ 2.5.

ఇక రబ్బరు ట్రిమ్. వచ్చిన ఫొటోల్లో ఎక్కువగా చిరాకు పెట్టింది ఇదే, అందుకే కాస్త విడమరిచి చెబుతాను. లోపల స్టీలు క్లిప్పులుండే యూ ఆకారం ట్రిమ్‌ను అంచుకు తొడిగేసి, పని అయిపోయిందనుకుంటున్నారు. ట్రిమ్ గట్టిగా అతుక్కుని ఉండాలి. ఎగ్జామినర్ దాన్ని పట్టుకుని లాగి చూస్తారు, ఊడి వస్తే ఆ అంచు నగ్నంగా ఉన్నట్టే లెక్క. ఊడటానికి కారణాలు నాలుగు. మొదటిది, ట్రిమ్ పట్టు మందానికీ మీ రేకు మందానికీ పొంతన లేకపోవడం: 1 నుంచి 3.5 మి.మీ. మందానికి చేసిన ట్రిమ్‌ను 0.9 మి.మీ. అల్యూమినియం మీద పెడితే క్లిప్పు కరవదు. రెండోది, జిగురు వేయకపోవడం లేదా సూపర్ గ్లూ వేయడం. సూపర్ గ్లూ పెళుసు, కారు వణుకుడుకు చిట్లిపోతుంది. పాలీయురిథేన్ సీలెంట్ వాడండి. రేకునూ ట్రిమ్ గాడినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సన్నటి గీతగా సీలెంట్ వేసి, తొడిగి, మాస్కింగ్ టేపుతో బిగించి ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. సిలికాన్ జోలికి పోవద్దు, తర్వాత దాని చుట్టుపక్కల పెయింట్ పట్టదు. మూడోది మూలలు. వంపు తిరిగేచోట ట్రిమ్ నోరు తెరుచుకుంటుంది. అక్కడ లోపలి వైపు చిన్న ‘వి’ గాటు పెట్టి వంచాలి. నాలుగోది కత్తిరించిన కొన. అక్కడ స్టీలు క్లిప్పు బయటికి తొంగిచూస్తుంది. ట్రిమ్ వేసింది పదును దాచడానికైతే, ఆ కొన కొత్త పదును తెచ్చిపెడుతుంది. ఒక క్లిప్పును పీకేసి, రబ్బరు చివరను మడిచి అతికించండి, అతుకు కిందివైపు వచ్చేలా చూసుకోండి.

పరీక్ష అయ్యాక ట్రిమ్ పీకేయొచ్చా అని కొందరు అడిగారు. వద్దు. ఈ నియమం ఉన్నది మీ కారు తగిలే మనిషి ఒళ్లు చీరుకుపోకుండా. సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన ఆ మనిషికి వచ్చే ప్రమాదం తగ్గదు.

ఫ్లోర్ లైన్ గురించి ఒక్క మాట. దాని కింద ఉన్నవాటికి అంచు నియమం లేదు. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలిన సరళమైన బద్దను, కింది కొన కారు అడుగువైపు ఉండేలా పట్టుకుని బాడీకి ఆనించండి. అది తగిలిన బిందువులను కలుపుకుంటూ పోతే వచ్చేదే ఫ్లోర్ లైన్. స్కూలు పిల్లల 30-60 సెట్ స్క్వేర్, ఒక చెక్కబద్ద చాలు. చాలామంది బద్దను తిరగేసి పట్టుకున్నారు, అందుకే సగం కారుకు నియమం వర్తించదని సంబరపడ్డారు.

ఇప్పుడు లైట్లు. ఎత్తు నేల నుంచి కొలవాలి, బల్బు మధ్య నుంచి కాదు, వెలుగు వచ్చే భాగం అంచు నుంచి. డిప్ బీమ్ (హెడ్‌లైట్ దించిన వెలుగు) కింది అంచు 500 మి.మీ. కన్నా పైన, పై అంచు 1200 లోపు. ఇండికేటర్లూ పొజిషన్ (పార్కింగ్) లైట్లూ 350 నుంచి 1500 మధ్య. వెనక ఫాగ్ లైట్ 250 నుంచి 1000 మధ్య. ఇవన్నీ కారు తన బరువు మీద నిలబడ్డాక కొలవండి, స్టాండ్ల మీద ఉన్నప్పుడు కాదు. లోటస్ సెవెన్ తరహా పొట్టి కార్లలో డిప్ బీమ్ ఎత్తు ఈ 500 దగ్గరే ఊగిసలాడుతుంది, స్ప్రింగులు కాస్త కుంగగానే కిందికి పోతుంది. 520 పెట్టుకోండి.

ఎత్తు కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది కనబడే కోణం. ముందు ఇండికేటర్ బయటివైపు 80 డిగ్రీలు, లోపలివైపు 45 డిగ్రీల నుంచి కనబడాలి. లోపలివైపు హెడ్‌లైట్ గిన్నె అడ్డొస్తుంది, బయటివైపు మడ్‌గార్డ్. దీపం ముందు నిలబడి కళ్లతో చూస్తే సరిపోదు. దీపం నుంచి ఆ కోణాల్లో దారం లాగి చూడండి, దారం దేనికైనా తగిలితే దీపం జరపాల్సిందే. ఒకటే వెనక ఫాగ్ లైట్ ఉంటే అది మధ్యలోనో, డ్రైవర్ వైపు, అంటే బ్రిటన్‌లో కుడివైపునో ఉండాలి. బ్రేక్ లైట్‌కు 100 మి.మీ. కన్నా దూరంగా ఉండాలి. ప్రతి లైటు అద్దం మీద ఆమోదం తెలిపే ‘ఈ’ (E) గుర్తు ఉండాలి, ఫాగ్ లైట్ మీద ‘ఎఫ్’ అక్షరం కూడా. పాత దీపాలు తుడిచి తుడిచి ఆ గుర్తు అరిగిపోయి ఉంటే పరీక్షకు ముందే మార్చేయండి.

వైరింగ్ మీకు వచ్చనే అనుకుంటున్నాను.

స్పీడోమీటర్ గురించి ఒక హెచ్చరిక. జీపీఎస్‌తో సరిగ్గా సరిపోయేలా సర్దకండి. అసలు వేగం కన్నా తక్కువ చూపడానికి వీల్లేదు. ఎక్కువ చూపడానికి మాత్రం 10 శాతం, దాని మీద 6.25 మైళ్ల వెసులుబాటు ఉంది. అసలు వేగం గంటకు 40 మైళ్లయితే ముల్లు 40 నుంచి 50.25 మధ్య ఎక్కడున్నా పాసే. మూడు నాలుగు శాతం ఎక్కువ చూపేలా పెట్టండి.

అభ్యాసం: 100 మి.మీ. థర్మోకోల్ బంతి కొని దానికి రంగు సుద్దపొడి బాగా పూయండి. ఫ్లోర్ లైన్ పైన కారంతా, సస్పెన్షన్ కడ్డీలతో సహా, దొర్లించండి. పలుచటి అల్యూమినియం ముక్కలో 5 మి.మీ. రంధ్రం వేసి పావు భాగం మిగిలేలా కోస్తే 2.5 రేడియస్ గేజ్ తయారు. సుద్ద అంటిన ప్రతి అంచుకూ దాన్ని ఆనించి చూసి, ప్రతిదానికీ నాలుగు గడులు రాయండి: భాగం, ఎంత పొడుచుకొచ్చింది, రేడియస్, ఏం చేశారు. వంద పైగా వరుసలు వస్తాయి, కంగారు పడొద్దు. ట్రిమ్ వేసిన ప్రతిచోటా రెండు వేళ్లతో గట్టిగా లాగి, ఊడినవాటికి ఎర్ర గుర్తు పెట్టండి. ఎర్ర గుర్తు ఒక్కటి మిగిలినా ఐవీఏకు దరఖాస్తు చేయకండి. ఆరో పాఠంలో డీవీఎల్ఏకు (వాహనాలు రిజిస్టర్ చేసే సంస్థ) పంపాల్సిన వీ627/1, వీ55/5 ఫారాలు నింపుతాం, ఛాసిస్ నంబరు ఫొటో సిద్ధంగా ఉంచుకోండి.