గ్యాస్ లాస్ (వాయు నియమాలు) లెక్కలు మా చెల్లికి ఎలా దారిలో పడ్డాయంటే (నా అనుభవం)

మాది పర్లాకిమిడి, మా చెల్లి ఇక్కడే ప్లస్ టూ సైన్స్, గ్యాస్ లాస్ చాప్టర్‌లో ఫార్ములాలన్నీ నోటికొచ్చు గానీ జవాబు మాత్రం ఎప్పుడూ తేడా. నోట్‌బుక్ తీసి చూశాక విషయం అర్థమైంది. 27 డిగ్రీల దగ్గర 2 లీటర్ల గ్యాస్, ప్రెషర్ మార్చకుండా 54కి వేడి చేస్తే ఎంత అంటే 4 లీటర్లు అని రాసింది. "డబుల్ కాదేటి అన్నయ్యా?" అంటాది. కాదు తల్లీ, సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్ళు గడ్డకట్టే చోటు అంతే, అసలు సున్నా మైనస్ 273 దగ్గరుంది, అక్కడ్నుంచి లెక్కేస్తే 300 కెల్విన్ కాస్తా 327 అయింది, వాల్యూమ్ 2.18 లీటర్లే. అప్పట్నుంచి లెక్క మొదలెట్టే ముందే 273 కలిపి గుండ్రం చుట్టడం అలవాటు చేయించాను.

బాయిల్ లా కోసం మెడికల్ షాపులో సూది లేని సిరంజి కొన్నాను. 20 ఎంఎల్ దాకా గాలి లాగి, మూతి బొటనవేలితో గట్టిగా మూసి నొక్కమన్నా, 10 దగ్గరికి తెచ్చేసరికి దాని చెయ్యి వణికిపోయింది, వదలగానే పిస్టన్ వెనక్కి తన్నింది. 1662లో బాయిల్ చెప్పింది ఇదే, టెంపరేచర్ మారకపోతే వాల్యూమ్ సగానికి ప్రెషర్ డబుల్. మహేంద్రగిరి మీద చిప్స్ ప్యాకెట్ ఉబ్బేది కూడా ఇందుకేనా, 1500 మీటర్ల ఎత్తులో బయట ప్రెషర్ తక్కువ కదా అని అదే అడిగింది, భలే సంతోషమేసింది నాకు.

ఇంక PV = nRT ఫార్ములాలో వచ్చే ఆర్ (గ్యాస్ స్థిరాంకం) విలువ: లీటర్లు, అట్మాస్ఫియర్లు అయితే 0.0821, పాస్కల్, ఘనపు మీటర్లు అయితే 8.314. యూనిట్లు రాయకుండా నంబరు వెయ్యనివ్వకండి. ఇప్పుడు డాల్టన్ లా (కలిసున్న గ్యాసుల్లో ఒక్కోదాని ప్రెషర్ కూడితే మొత్తం ప్రెషర్) మొదలెట్టాం.