గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు పన్ను పీకించుకునే ముందు

విశాఖలో జగదాంబ దగ్గరో, ద్వారకానగర్‌లోనో డెంటిస్ట్ కుర్చీలో కూర్చోకముందే "నాకు మెటల్ వాల్వు ఉందండీ, రక్తం పలచబడే ఎసిట్రోమ్ మందు వాడుతున్నాను" అని చెప్పేయండి. ఆపరేషన్ ఫైలు చూపించండి.

– ఎసిట్రోమ్ గానీ, అలాంటి మందే అయిన వార్ఫరిన్ గానీ సొంతంగా ఆపొద్దు. చిగురు నుంచి కారే రక్తాన్ని గాజ్ పెట్టి నొక్కో, కుట్టు వేసో ఆపగలరు. వాల్వు మీద గడ్డ కడితే పక్షవాతం దాకా పోవచ్చు. భయపడాల్సింది దానికే.

– ముందురోజు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) చేయించండి. 4 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు.

– యాంటీబయాటిక్ 30–60 నిమిషాల ముందే పడాలి. పెద్దవాళ్లకు మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, ఒకటే డోసు. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరేది రాస్తారు.

– అపాయింట్‌మెంట్ పొద్దున్నే తీసుకోండి. అర్ధరాత్రి రక్తం కారితే కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) పరుగెత్తే టెన్షన్ ఎందుకు?

– నొప్పికి పారాసెటమాల్. మెడికల్ షాపువాళ్లు డైక్లోఫెనాక్ ఇస్తే వద్దనండి.