ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేసే ముందు

తెలంగాణలో ఇంజనీరింగ్, డిగ్రీ చేరే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల సైట్ అయిన ఈపాస్ తెరవడానికి ముందే ఇవి చూసుకోండి.

అన్నిటికంటే ముందు పేరు. టెన్త్ మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ అచ్చం అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉన్నా దరఖాస్తు ఆగిపోతుంది, ఆధార్ సరిచేయించుకునే సరికి వారాలు పడుతుంది కాబట్టి ఆ పని ఈరోజే మొదలుపెట్టండి.

ఆదాయం, కులం సర్టిఫికెట్లకు మీసేవలో ముందుగానే పెట్టండి. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. చివరి వారంలో అందరూ ఒకేసారి వస్తారు, ఆ టెన్షన్ వద్దు.

బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో లింక్ అయి ఉండాలి. వాడకుండా వదిలేసిన పాత ఖాతా ఇవ్వకండి.

మేనేజ్‌మెంట్ కోటా సీటుకి ఈ రీయింబర్స్‌మెంట్ రాదు, చేరేముందే కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు) అవునో కాదో అడగండి. బీసీలకు ఎంసెట్ ర్యాంకు 10 వేలు దాటితే ఏటా 35 వేల వరకే అన్న లెక్క చాలా ఏళ్లుగా నడిచింది, మిగతా ఫీజు ఇంట్లోవాళ్లు కట్టుకోవాల్సి వచ్చేది. మీ కాలేజీ ఫీజు ఎంతో, ఇప్పుడు అందులో ఎంత వస్తుందో తెలుసుకోకుండా చేరకండి, పాపం అమ్మానాన్నలు అప్పుకి పరిగెత్తాల్సి వస్తుంది.

హాజరు 75 శాతం తగ్గనివ్వకండి. అప్లై చేశాక ఆధార్ ధృవీకరణకి వేలిముద్ర వేసి, అప్లికేషన్ ప్రింట్, సర్టిఫికెట్లు కాలేజీలో ఇచ్చి, వాటి జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. రెండో ఏడాది రెన్యువల్ మర్చిపోవద్దు, అది దానంతటది అవ్వదు.