మాత్ర మింగని పిల్లికి మందు ఇలా వేశాను

పెరుగన్నంలో దాచితే అన్నం తిని మాత్రను వదిలేస్తుంది. పొడి చేస్తే ఇంకా కష్టం: చేదు తగలగానే నోటినిండా నురగ, సగం మందు నేలపాలు. (ఆ నురగ చూసి హడలిపోనక్కర్లేదు.)

నాకు కుదిరిన పద్ధతి ఇది. పాత టర్కీ తువ్వాలులో ముందుకాళ్లతో సహా మెడదాకా బిగుతుగా చుట్టాలి. ఒక్క పంజా బయటున్నా చెయ్యి గీరుకుపోతుంది. నేలమీద కూర్చుని, పిల్లి వెనక్కి జారకుండా మోకాళ్ల మధ్య పెట్టుకోవాలి. తలపై నుంచి దవడలు పట్టి మూతి పైకెత్తితే కింది దవడ దానంతటదే వదులవుతుంది. మాత్రకు కాస్త నెయ్యి రాసి, నాలుక మొదట్లో, అంటే గొంతు వైపు, నట్టనడుమ వేయాలి. పక్కకు పడిందా, ఉమ్మేస్తుంది.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. సూది తీసేసిన సిరంజితో 5 ఎం.ఎల్. నీళ్లు, కోరపన్ను వెనక సందులోంచి, చుక్కచుక్కగా పట్టాలి. లేకపోతే డాక్సీసైక్లిన్ (ఒక యాంటీబయాటిక్) లాంటి మాత్ర అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది. ఒక్కసారిగా నొక్కితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఒళ్లు వేడిగా ఉందని గల్లీ మెడికల్ షాపు పారాసెటమాల్ ముక్క మాత్రం వేయకండి, పిల్లి ప్రాణం తీస్తుంది. హైదరాబాద్‌లోనైతే నారాయణగూడ పశువుల ఆసుపత్రిలో చూపించండి.