సిమ్యులేషన్ తర్వాత, సిరిమాను ముందు

ఫిజిక్స్ క్లాసులో డిజిటల్ పాఠం అనగానే మనలో చాలామందిమి చేసేది ఒకటే, ప్రొజెక్టర్ పెట్టి చూపించేయడం. నేనూ అదే చేశాను. ఫెట్ (PhET, సైన్స్ ప్రయోగాల్ని తెర మీదే చేసి చూసుకునే వెబ్‌సైట్) వాళ్ల ‘బ్యాలెన్సింగ్ యాక్ట్’ అనే తూగుబల్ల సిమ్యులేషన్ తెరిచి ఇటుకలు నేనే జరిపి నేనే మురిసిపోయాను, పిల్లలు మ్యాట్నీ చూసినట్టు చూసి బెల్ కొట్టగానే లేచిపోయారు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ మూసే ఉంచుతాను. విజయనగరం పిల్లలకి పైడితల్లమ్మ సిరిమాను (పండగలో కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కాబట్టి బోర్డు మీద మాను గీసి అడిగేయండి: కొసన కూర్చున్న పూజారి బరువు 60 కిలోలు, ఇరుసు నుంచి ఆయన దాకా 12 మీటర్లు, ఇవతల మొదలు వైపు 2 మీటర్లే, అక్కడ ఎంత బరువుంటే మాను నిలుస్తుంది? (అంకెలు లెక్క కోసం అనుకున్నవే, మాను సొంత బరువు ప్రస్తుతానికి వదిలేయండి.) ఫార్ములా చెప్పొద్దు. ఎవరి జవాబు వాళ్లు కాగితం మీద పెన్నుతో రాయాలి. చాలామంది 60 అనే రాస్తారు, రాయనివ్వండి, ఆ తప్పే మనకి కావలసిన సరుకు.

అప్పుడు నలుగురికో ఫోన్‌లో అదే సిమ్యులేషన్ తెరిచి ఇవ్వండి. అందులో తూగే పలక మీద ఎడమవైపు 1.5 మీటర్ల దగ్గర 5 కిలోల ఇటుక పెట్టి, కుడివైపు 0.5 మీటర్ల దగ్గర ఎంత పెట్టాలో ముందు రాసుకుని, ఆ తర్వాతే పలకని కదలకుండా ఆపే కింది ఊతలు తీయమనండి. 15 అని తేలాక మన అవసరం ఉండదు, 60 × 12 = 720, దాన్ని 2తో భాగిస్తే 360 కిలోలని వాళ్లే చెప్తారు. బరువుని దూరంతో గుణించిన ఈ లెక్కకి బల భ్రామకం అనే పేరు అప్పుడు చెప్పండి, అతుక్కుంటుంది.

నెట్ గురించి టెన్షన్ వద్దు. కొలరాడో యూనివర్సిటీలో 2002లో మొదలైన ఈ ఫెట్ ఉచితం, ఇంటి దగ్గరే ఫైల్ దించుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది.

ఒక కుర్రాడు అడిగాడు, “మాస్టారూ, మాను ఏటవాలుగా ఉంటాది కదండీ, మరి 12 మీటర్లు ఎలా అవుద్ది?” జవాబు చెప్పకుండా బొమ్మ గీయించాను. అడ్డంగా కొలిస్తే రెండు వైపులా దూరం ఒకే పాళ్లలో తగ్గుతుంది, 360 మారదు.

మాను సొంత బరువు సంగతి మాత్రం ఈ సిమ్యులేషన్‌లో దొరకదు, పలక సరిగ్గా మధ్యలోనే ఆని ఉంటుంది మరి. దానికి ఒక చీపురు తెప్పించి, వేలి మీద ఎక్కడ నిలుస్తుందో పట్టుకోమనండి, దాని బరువంతా ఆ చోటే ఉన్నట్టు లెక్క.